బావను బండ ఎక్కించిన రెండు రోజులు

మా పై వాటాలో అద్దెకుండే కుర్రాళ్లు మొన్న శనివారం పొద్దున్నే మెట్ల మీద చిన్న దుకాణం పరిచారు. మడతపెట్టిన డేరాలు, హెల్మెట్లు, రంగురంగుల తాళ్లు, తాళ్లకు తగిలించే ఇనుప కొక్కాలు, చేతులు జారకుండా పూసుకునే తెల్లటి పొడి, గాలి ఊదుకుని పడుకునే పరుపులు. ఎక్కడికి నాయనా అంటే, "క్యాంపింగ్ అంకుల్, రాక్ క్లైంబింగ్" అన్నారు. గుట్ట దగ్గర ఒక రాత్రి పడుకుని, బండలెక్కి, ఆదివారం సాయంత్రానికి కోరుట్ల వచ్చేస్తారట. అంత కష్టపడి ఎక్కడం దేనికి అని అడిగితే, అందులో ఒకడు, "స్ట్రెస్ పోతుంది అంకుల్. మీకు ఇవన్నీ కొత్తగా ఉంటాయిలెండి" అన్నాడు. కొత్తేం కాదు నాయనా, మీరు పుట్టకముందే మేమూ ఈ పని చేశాం, కాకపోతే దానికో పేరుందని మాకు తెలియదు అని చెప్పబోయాను. ఇంతలో కింద కారు హారన్ కొట్టింది, వాళ్లు బస్తాలు భుజానికెత్తుకుని పరుగెత్తారు. నోటిదాకా వచ్చిన కథను మింగేస్తే నాకు అన్నం సహించదు. మా ఆవిడ ముందు మొదలుపెడితే, ఇప్పటికే చాలాసార్లు విన్నది కనుక, పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచి వెళ్లిపోతుంది. అందుకని మీకు చెబుతున్నాను.

అప్పుడు మేం సిరిసిల్లలో ఉండేవాళ్లం. బస్టాండు దగ్గర నాకు చిన్న దర్జీ దుకాణం. ఇల్లు మాత్రం సాంచాల మధ్య. సాంచాలంటే కరెంటు మగ్గాలు. మా వాడలో పిల్లలు వాటి చప్పుడులోనే పుట్టి, ఆ చప్పుడులోనే నిద్రపోయి, దాన్ని మించి అరవడం నేర్చుకుని పెద్దవాళ్లయ్యేవారు. అందుకే మా వాళ్లకు మెల్లగా మాట్లాడటం చేతకాదు. పెళ్లిచూపుల్లో కూడా, పిల్ల మంచిగుంది అని పక్కవాడి చెవిలో చెబితే వంటింట్లో ఉన్న పిల్ల సిగ్గుపడేది. అలాంటి వాడలో ఒక సంవత్సరం సాంచాలన్నీ ఆగిపోయాయి. నూలు రాలేదు, నేసిన బట్టను కొనేవాడు లేడు. మొదట ఒక ఇంట్లో, తర్వాత ఒక వరస, చివరికి వాడ వాడంతా చప్పుడు ఆగింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మా ఇంటి ముందు పిచ్చుకల అరుపు వినబడింది. విని ఎవరూ సంతోషపడలేదు. ఆ మౌనంలోనే ఒకరి తర్వాత ఒకరు, తెలిసిన మనుషులు, నిన్నటిదాకా నా దుకాణంలో కూర్చుని చాయ్ తాగి పోయినవాళ్లు, బతకలేమనుకుని ప్రాణం తీసుకున్నారు. ఇంకా కొందరు మూటాముల్లే సర్దుకుని భీవండికో సూరత్‌కో బస్సెక్కారు. మగమనిషి ఇంట్లో ఒంటరిగా కూర్చుని గోడకేసి చూస్తుంటే ఆడవాళ్ల గుండెలు దడదడలాడే రోజులవి.

మా బావ అలా గోడకేసి చూస్తున్నాడని మా అక్క నాకు కబురు పంపింది. బావ వేరేవాళ్ల సాంచాలు నడిపేవాడు. మామూలుగా మహా వాగుడుకాయ. సాంచాలు నడుస్తుండగా అంత చప్పుడులో పక్క షెడ్డువాడితో గోడ అవతలనుంచి వాదన పెట్టుకుని గెలిచే గొంతు. ఆ గొంతు నెలల తరబడి లేవడం లేదు. నన్ను మాటమాటకూ ఎక్కిరించే మనిషి, నేను వెళ్లి ఎదురుగా కూర్చుంటే "అచ్చినవా" అని ఊరుకునేవాడు. అక్క చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేసేది. చేతులు ఆకు మీద, కళ్లు మొగుడి మీద. ఆయన పెరట్లోకి వెళ్తే ఏదో వెతుకుతున్నట్టు తానూ పెరట్లోకి వెళ్లేది. ఆ సమయంలో కోరుట్లలో ఉండే ఒక ఏజెంటు ద్వారా గల్ఫులో పని ఉందని తెలిసింది. పెద్ద పెద్ద భవనాలు కట్టేచోట ఇనుప పైపులతో పరంజా కట్టే పని. సోమవారం జగిత్యాలలో పరీక్ష. ఎత్తంటే భయం లేనివాళ్లే రావాలి, ఎక్కించి చూస్తారు అన్నాడు ఏజెంటు. ఆ మాటతో మా ఇంట్లో అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. బావకు వడియాలు ఎండబెట్టడానికి డాబా ఎక్కితేనే కళ్లు తిరుగుతాయి.

అక్క నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది. నా చెవి దగ్గర నోరు పెట్టి రహస్యంగా చెప్పింది. "తమ్మీ, రెండు రోజులు మీ బావను ఏ గుట్టకన్న తీస్కపోయి జర ఎక్కుడు నేర్పు. గాయింత పరీక్ష పాసయితె మళ్ల మనిషయితడు. గని ఒక్క మాట. ఒక్కన్ని ఇడువకు. నిమిషం గూడ ఇడువకు. నాకు ఆయన మీద నమ్మకం పోయింది." చెబుతూ చెబుతూ ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను. అది రహస్యమనే నేను నమ్మాను. ఎదురింటి ముసలమ్మ వీధి అవతలనుంచి "అవ్ కొడుక, తీస్కపో, తీస్కపో, పాపం పుణ్యముంటది" అని కేకేసినా నాకు అనుమానం రాలేదు చూడండి, అంత అమాయకుణ్ణి.

ఎక్కడం నేర్పాలంటే ఎక్కడం వచ్చినవాడు ఒకడు కావాలి కదా. ముస్తాబాద్ వైపునుంచి మా వాడకు కల్లు తెచ్చే గౌడ్ మామను పట్టుకున్నాను. చుట్టం కాదు, వరస కలుపుకున్న మామ. తాడిచెట్టు ఎక్కేవాడికి బండ ఒక లెక్కా అనుకున్నాను. మామ కూడా అలాగే అనుకున్నాడు. "అల్లుడా, మోకు ఉంటె నేను నింగి గూడ ఎక్కుత" అన్నాడు. మోకంటే నడుం చుట్టూ, చెట్టు చుట్టూ కలిపి వేసుకునే లావుపాటి తాడు. దాని మీద వెనక్కి వాలి, కాళ్లతో తన్నుకుంటూ ఎక్కుతారు. మాకు వేరే తాడు కూడా కావాలి కదా అంటే, బావ ఏమీ మాట్లాడకుండా షెడ్డులో మిగిలిపోయిన వేస్టు దారం పోగులు తెచ్చి, అరుగు మీద కూర్చుని పేనడం మొదలుపెట్టాడు. పొద్దంతా పేనాడు. చాలా రోజుల తర్వాత ఆ చేతులు కదలడం చూసి అక్క బీడీలు ఆపి చూస్తూ ఉండిపోయింది.

డేరా కుట్టే బాధ్యత నాది. అమ్ముడుపోని తెల్ల బట్ట వాడలో ఇంటింటా తానులకు తానులు ఉంది. కానీ నేను అంతవరకు డేరాను దగ్గరగా చూడలేదు. నాకు తెలిసిన ఆకారాలు చొక్కా, లాగు, జాకెట్టు, పైజామా. ఎంత ఆలోచించినా చెయ్యి అటే పోయింది. చివరికి నేను కుట్టింది ఏనుగుకు సరిపోయే పైజామా. నడుం పట్టీలో నాడా దూర్చి, ఆ నాడాతో కొమ్మకు వేలాడదీస్తే, రెండు కాళ్లూ రెండు వైపులకు లాగి కట్టుకోవచ్చు. ఒక్కో కాల్లో ఒక్కో మనిషి పడుకోవచ్చు. నాకు మాత్రం అది అద్భుతంగా తోచింది. గౌడ్ మామ చూసి, నేను చెట్టుకింద పండుకుంటలే అన్నాడు.

శనివారం పొద్దున ఎల్లారెడ్డిపేట బస్సెక్కాం. చలి పోయి, ఎండలు ఇంకా ముదరని రోజులు. దారి పొడవునా మోదుగులు ఎర్రగా పూసి ఉన్నాయి. పొలాలు మాత్రం బీడు. దిగి చాలాసేపు నడిస్తే ఒక గుట్ట, దాని పక్కన ఒంటరిగా ఒక పెద్ద బండ. చుట్టుపక్కలవాళ్లు ఏనుగు బండ అంటారు. ముందువైపు నిటారుగా, వెనకవైపు కాస్త వాలుగా ఉంటుంది. అక్క కట్టిచ్చిన జొన్నరొట్టెలు, ఎల్లిపాయ తొక్కు ఒక మూటలో, రాత్రి కూరకని ఒక కోడి గౌడ్ మామ చంకలో. మామ మోకు తీయడానికి చంక సడలించాడో లేదో కోడి దూకింది. బండ కిందికి కాదు, బండ పైకి. రెక్కలు కొట్టుకుంటూ వెనకవైపునుంచి ఎక్కి నెత్తిన నిలబడింది. మా బృందంలో ఏనుగు బండను మొదట ఎక్కింది అదే. ఆ రాత్రి మేం రొట్టె, తొక్కు తిన్నాం.

తర్వాత మామ తన విద్య చూపించబోయాడు. మోకు నడుముకు వేసుకున్నాడు, కాళ్ల బంధం సర్దుకున్నాడు, దేవుణ్ణి తలుచుకున్నాడు, రెండో కొస బండ చుట్టూ వేయబోయాడు. అప్పుడు తెలిసింది, తాడిచెట్టుకు చుట్టుకొలత ఉంటుంది, గుట్టకు ఉండదు. మామ మోకు పట్టుకుని బండకు కుడివైపు కొంతదూరం నడిచాడు, ఎడమవైపు కొంతదూరం నడిచాడు. వచ్చి మా ముందు నిలబడి, "గీ బండ కుదురుగ లేదు అల్లుడా" అన్నాడు. తప్పు బండదే అన్నట్టు. అవమానం దిగమింగుకోలేక, బండ పక్కనే ఉన్న తాడిచెట్టు చకచకా ఎక్కేశాడు. బండ నెత్తికి సమానంగా వెళ్లి, తాటిమట్టల కింద కుదురుకుని, "గీడికెల్లి మస్తు కనవడ్తంది, ఎక్కుండ్రి" అని కేకేశాడు. ఆ రెండు రోజుల్లో మామ మాకు నేర్పిందంతా ఆ చెట్టు మీదనుంచే.

సరే, నేనే పూనుకున్నాను. బావ పేనిన తాడు ఒక కొస ఆయన నడుముకు, రెండో కొస నా నడుముకు కట్టాను. బావ చెప్పులు విడిచి, బండ మీద ఒక పాదం పెట్టాడు. ఒక మూర ఎత్తు ఎక్కాడు. నేను కిందనుంచి ఆయన్ను చూస్తూ, ఆయన పైన ఉన్న బండను చూశాను, దాని నెత్తిన ఉన్న ఆకాశాన్ని చూశాను. అప్పుడు గుర్తొచ్చింది. ఈ మనిషి ప్రాణానికి కాపలా ఉండమని మా అక్క ఏడుస్తూ అప్పజెప్పింది. నేనేం చేస్తున్నాను? ఊళ్లో ఇన్ని చదునైన చోట్లుండగా, వెతికి వెతికి ఇంతెత్తు బండ దగ్గరికి తెచ్చి, ఎక్కు బావా, పైదాకా ఎక్కు అంటున్నాను. ఇంత తెలివైన పని మా వంశంలో ఎవరూ చేసి ఉండరు. అంతే, తాడు వెనక్కి లాగాను. ఆయన జారి మళ్లీ నేల మీదికి వచ్చాడు. మళ్లీ ఎక్కాడు, మళ్లీ లాగాను. "పైలం బావా, పైలం" అంటూ చివరికి తాడు వదిలేసి, ఏడుస్తూ రెండు చేతులతో నడుమే పట్టుకున్నాను. బావ వెనక్కి తిరిగి, ఆ రోజు మొత్తం మీద ఒకే ఒక్క మాట మాట్లాడాడు. "బామ్మర్ది, నువ్వు ఇడిస్తెనే గద నేను ఎక్కేది." నేను విడవలేదు. మొదటిరోజు శిక్షణ అలా నేల మీదే ముగిసింది.

రాత్రి ఇంకో చిక్కొచ్చింది. పైజామాలో ఒక కాలు నాది, ఒక కాలు ఆయనది. మధ్యలో గుడ్డ. నాకు ఆయన కనబడడు. అందుకని నా తువ్వాల ఒక కొస ఆయన చీలమండకు, రెండో కొస నా మణికట్టుకు కట్టాను. చలికి కట్టాను బావా అన్నాను. చీలమండకు తువ్వాల కడితే చలి ఎలా తగ్గుతుందో ఆయన అడగలేదు. పొద్దున లేచేసరికి మంచుకు పైజామా మొత్తం తడిసి మా ఇద్దరికీ అతుక్కుని ఉంది. బయట ఎవరో మాట్లాడుకుంటున్నారు. ఒకరో ఇద్దరో కాదు.

తల బయట పెట్టి చూస్తే మనుషులు వరసగా నిలబడి ఉన్నారు. చుట్టుపక్కల పల్లెల కుర్రాళ్లు, నడివయసువాళ్లు, తలకు నూనె రాసి దువ్వుకుని, ఉన్న వాటిలో మంచి చొక్కా వేసుకుని. ప్రతి ఒక్కరి చేతిలో ప్లాస్టిక్ కవర్లో పాస్‌పోర్టు. సంగతేమిటంటే, ముందురోజు సాయంత్రం మేకలు కాసేవాళ్లు తాళ్లను, తెల్లటి డేరాను చూసి ఏందిది అని అడిగారట. తాడిచెట్టు మీదున్న మామ గొప్పగా, "దుబాయి పరీక్షకు ఎక్కుడు" అన్నాడట. అది పల్లెకు చేరేసరికి దుబాయి పరీక్ష ఇక్కడే జరుగుతోందని అయింది. ఆ రోజుల్లో మా దిక్కు ఏ ఇంట్లోనైనా బియ్యం లేకపోవచ్చు, పాస్‌పోర్టు మాత్రం తయారుగా ఉండేది. నేను ప్యాంటు వేసుకుని ఉన్నాను కనుక నేనే సారునని తేల్చుకున్నారు. వరసలో ఒక అవ్వ కూడా ఉంది. చీర గోచీ పోసి బిగించి కట్టింది. "మా మనుమనికి జెరం అచ్చింది సారు. ఆని పాసుపోటు తెచ్చిన. ఆని బదులు నేను ఎక్కుత, రాసుకోండ్రి" అన్నది.

ఇది పరీక్ష కాదు, మేం ఎవరం కాదు అని నేను మొత్తుకున్నాను. వాళ్లు వినలేదు. సార్లు మొదట అట్లనే అంటరు అని ఒకడు మిగతావాళ్లకు ధైర్యం చెప్పాడు. నా మాట అందరికీ వినబడాలంటే ఎత్తు మీద నిలబడాలి అనుకుని, కోపంలో ముందువెనకలు చూడకుండా, బండ వెనకవైపు వాలునుంచి చేతులూ కాళ్లూ ఊతగా పైకి ఎక్కేశాను. నెత్తిన నిలబడి, సాంచాల వాడ గొంతెత్తి, "గిది పరీక్ష కాదు!" అని అరిచాను. కిందనుంచి చప్పట్లు. సారు ఎక్కి చూపించిండు అనుకున్నారు. నేను వాళ్లకేసి చూద్దామని వంగాను. వంగకుండా ఉండాల్సింది. మనుషుల నెత్తులు మాత్రమే కనబడ్డాయి, చిన్న చిన్నగా.  కూర్చున్నాను. తర్వాత పడుకున్నాను. రెండు అరచేతులూ బండకు ఆనించి కళ్లు మూసుకున్నాను. కళ్లు తిరగడం బావకే అనుకున్నాను ఇన్నేళ్లూ. నేను కూడా ఎప్పుడూ డాబా కంటే ఎత్తు ఎక్కలేదన్న సంగతి మరిచిపోయాను. పక్కనే కోడి తీరిగ్గా ఏదో పొడుచుకుంటోంది.

ఎదుటి తాడిచెట్టు మీదనుంచి మామ గొంతు. "అల్లుడా, బండను చెట్టనుకో. గట్టిగ కావలించుకొని జారు!" దేన్ని కావలించుకోవాలి? కిందనుంచి అవ్వ అంటోంది, "సారు దిగుత లేడేంది? దిగుడు గూడ పరీక్షనేనా?" ఎంతసేపు అలా పడుకున్నానో తెలియదు. ముక్కులో తుమ్మ పూల వాసన, చెంప కింద వెచ్చబడుతున్న రాయి, ఇంతే గుర్తు. ఇంతలో ఎవరో నా పక్కన వచ్చి కూర్చున్నారు. ఊపిరి ఎగబోస్తోంది. కళ్లు తెరిస్తే బావ.

"బావా, నీకు కండ్లు తిరుగుతయ్ గద, ఎట్లెక్కినవ్?" అన్నాను పడుకునే. "కిందికి సూస్తె తిరుగుతయ్. నిన్ను సూస్కుంట ఎక్కిన" అన్నాడు. తర్వాత, "రాత్రి నా కాలుకు తువ్వాల ఎందుకు కట్టినవ్ రా?" అన్నాడు. నేను చలి గురించి మొదలుపెట్టాను. "ఆపు" అన్నాడు. "మీ అక్క నీకు చెవుల చెప్పిందనుకుంటున్నరు మీరు. నేను పక్క అర్రల బీరువ ఎన్క లుంగి కట్టుకుంటున్న. అంత ఇన్న. వాడంత ఇన్నది."  సిగ్గుతో మళ్లీ కళ్లు మూసుకున్నాను. బావ నెమ్మదిగా మాట్లాడాడు. మా వాడ మనిషి అంత నెమ్మదిగా మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు. "నాకు గసొంటి ఆలోచన రాలేదని అబద్ధం చెప్ప. అచ్చింది. పోయినోళ్లందరు నా దోస్తులే గద. గని మీరందరు నా ఎంబడి తిరుగుడు మొదలువెట్టినంక, గది ఆలోచించేటందుకు నాకు తీరికేడున్నది? దొడ్డికి పోతె మీ అక్క అస్తది. అరుగు మీద కూసుంటె ఎదురింటామె అస్తది. నీళ్లు తాగుతుంటె సుత ఎవలో ఒకలు గిలాస దిక్కు సూస్తరు. నిన్ననేమో నువ్వు నా నడుం పట్టుకొని ఏడుస్తున్నవ్." అక్కడ ఆయన గొంతు ఎందుకో తప్పింది. ఏడుస్తున్నాడేమోనని భయపడి లేచి కూర్చున్నాను. నవ్వుతున్నాడు. "బతికించాలెనని తెచ్చి బండెక్కిస్తరుర ఎవలన్న? మీ అక్కకు బుద్ధి లేకపాయె, నీకన్న ఉండద్దా?" అని నవ్వు. కడుపు పట్టుకుని, కళ్లనుంచి నీళ్లు కారుతుంటే, మునుపటి గొంతుతో, ఎల్లారెడ్డిపేట దాకా వినబడేలా నవ్వాడు. నాకూ ఆగలేదు. బండ నెత్తిన కూర్చుని ఇద్దరం నవ్వుతుంటే, కింద జనం ఇదేం పరీక్షరా అన్నట్టు మెడలెత్తి చూశారు. ఆ నవ్వు విన్న క్షణంలో నా గుండె మీదనుంచి ఎంత బరువు దిగిందో చెప్పలేను. నేను మాత్రం దిగాల్సే ఉంది.

దించింది ఆయనే. "కిందికి సూడకు, నా మొఖం దిక్కు సూడు. ఎడమ కాలు పెట్టు. గాడ గంటు ఉన్నది. ఆఁ, కూసో. కూసొని జారు" అంటూ ముందు తాను దిగుతూ, వెనక నన్ను దించుతూ, నెలల తరబడి దాచుకున్న మాటలన్నీ ఆ వాలు మీదే ఖర్చుపెట్టాడు. నేలకు చేరేసరికి నేను స్వయంగా కుట్టుకున్న ప్యాంటు వెనకభాగం బండ మీదే ఉండిపోయింది. జనం నన్ను వదిలేసి బావ చుట్టూ మూగారు. అసలు సారు ఈయనే, మొదటివాడు ఊరికే వచ్చినవాడు అనుకున్నారు. బావ వాళ్లకు ఓపికగా చెప్పాడు, ఇక్కడేం లేదు, నేను కూడా మీ అసొంటోన్నే, పరీక్ష రేపు జగిత్యాలల, అందరు రాండ్రి, కలిసి పోదాం అని. అవ్వ దగ్గర మాత్రం పాస్‌పోర్టు తీసుకుని, తిరిగి ఆమె చేతుల్లోనే పెట్టి, "జెరం తగ్గినంక ఆన్నే పంపు అవ్వా. నువ్వు పోతె ఆనికి అన్నం ఎవలు వండుతరు?" అన్నాడు. ఆమె దాన్ని కొంగున ముడేసుకుని, గీ సారు మంచోడు అని గోచీ విప్పుకుని వెళ్లిపోయింది.

సోమవారం జగిత్యాలలో ఏజెంటు గుమ్మంలో నిలబడి ఊరేగింపులా వస్తున్న మమ్మల్ని చూసి తలుపు సగం మూశాడు. పరీక్ష పెట్టే పెద్దమనిషి ఓపికగలవాడు, అందరినీ చూశాడు. పైపులను బిగించి కట్టమన్నాడు, నిచ్చెన ఎక్కి ఒక పలక మీద అటూ ఇటూ నడవమన్నాడు. బావ పలక మీద నడుస్తూ ఒక్కసారి కూడా కిందికి చూడలేదు, ఎదురుగా గోడ దగ్గర నిలబడ్డ నన్నే చూశాడు. నేను నాకు తెలిసిన దేవుళ్ల పేర్లన్నీ చదివాను. పాసయ్యాడు. మాతో వచ్చిన పల్లెలవాళ్లలో కొందరు పాసయ్యారు, కొందరు ఉత్తచేతులతో బస్టాండు వైపు నడిచారు. చూడటానికి వచ్చిన గౌడ్ మామను కూడా పెద్దమనిషి ఎక్కమన్నాడు. మామ ఉడతలా ఎక్కి దిగి, గల్ఫులో కల్లు దొరుకుతుందా అని అడిగి, దొరకదంటే అదే ఊపులో ఇంటికి పోయాడు.

వీసా వచ్చినరోజు అక్క వాడంతా చక్కెర పంచింది. బయలుదేరే రోజు మాత్రం బస్సు కిటికీ పట్టుకుని వదలదు. నా వైపు తిరిగి, "ఇంట్ల ఉంటె భయమాయె, పోతుంటె బాధాయె. నాకేం గావాల్నో నాకే తెల్వది తమ్మీ" అన్నది, తనకు తెలిసిన మెల్లటి గొంతుతో. బస్సులో ఉన్నవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు. బావ ఎన్నో ఏళ్లు ఆ ఎత్తుల మీదే పనిచేశాడు. ఎండలో, ఇసుక గాలిలో, పలకల మీద నడుస్తూ. మధ్యమధ్య వచ్చి పోతూ పిల్లలకు కొత్తమనిషి అవుతూ, పాతమనిషి అయ్యేలోపే మళ్లీ బస్సెక్కుతూ. అక్క నెత్తిమీద వెంట్రుకలు ఆ రాకపోకల మధ్యే తెల్లబడ్డాయి. అది సుఖమైన కథ అని నేను చెప్పను.

ఇప్పుడు ఆయన సిరిసిల్లలోనే ఉంటాడు. పై వాటా కుర్రాళ్ల సంగతి చెబుదామని నిన్న ఫోన్ చేశాను. వినకుండా మోకాళ్ల నొప్పుల పురాణం ఎత్తుకున్నాడు. ఇంటి ముందు గడప దాటాలన్నా గోడ పట్టుకోవాల్సి వస్తోందట, పైపళ్లు కదులుతున్నాయట, చెవులు వినబడటం లేదని అక్క తిడుతోందట. అరగంట సణిగాడు. వింటూ నేను ఎందుకంత సంతోషపడుతున్నానో ఆయనకు అర్థం కాలేదు. ఆ సంవత్సరం పోయిన బావ దోస్తుల ఫోటోలు మా వాడలో ఇంకా గోడల మీద ఉన్నాయి. వాటిలో ఒక్కరికీ నెత్తి నెరవలేదు, ఒక్కరికీ మోకాలు నొప్పి లేదు. కాలం మా బావను మాత్రం అందరు మనుషుల్లాగే వంచింది, నెత్తి తెల్లబరిచింది, ముసలివాణ్ణి చేసింది. ఆ బండ కింద ఆయన నడుం పట్టుకుని నేను కాలాన్ని అడిగింది అంతే.